గూడవల్లి రామబ్రహ్మముగారు – రైతుబిడ్డ చిత్రము



మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములందలి గ్రామములలో కూర్చుండి ఈ ప్రసంగమును వినుచున్న పెద్దలకు ముందుగా నొక మనవి. నేను ముప్పదియైదేండ్లు పల్లెటూళ్ళ పాఠశాలలలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాడను. పంచకావ్యములును, కొంత వ్యాకరణమును, కొంత అలంకారశాస్త్రమును గురుముఖమున చదివినవాడను. ఇట్టివాడు సినిమాను గూర్చి ప్రసంగించుట యేమని మీకు తోచవచ్చును. నాకును తోచినది. ఊరికి డేరా సినిమా వచ్చినప్పుడెల్ల, మరునాడు తరగతిలో కన్నులు నులుముకొనుచున్న పిల్లలను నిలువబెట్టి మందలించినవాడను నేను. సినిమా చూచి చెడనివాడు లేడని వారిచేతనే నల్లబల్లపై వ్రాయించితిని గూడ. ఆ వాక్యమును నేడు నాచేతితో నేనే తుడిచివేయవలసి వచ్చినది. అది యెట్లు వచ్చెనో విన్నవించెదను.

మొన్న సంక్రాంతికి వచ్చిన మా మనుమడు, "తాతా, నువ్వు చూడదగిన సినిమా ఒకటుంది. మన రైతులదే" అని తన సెల్ ఫోనును నా చేతికిచ్చెను. అది 1939వ సంవత్సరమున విడుదలయైన రైతుబిడ్డ. బొమ్మ మసకగా నున్నది; మాటలు కొన్ని స్పష్టముగా వినబడవు. అయినను కదలకుండ కడవరకు చూచితిని. చూచిన పిమ్మట నాకు నిద్ర పట్టలేదు. ఆ తెరపై రైతువేషము ధరించినవాడు నాకు నటుడుగా కనబడలేదు. చనిపోయిన మా తాతగారు కనబడిరి. వారి సంగతి తరువాత చెప్పెదను. ముందు ఆ చిత్రమును నిర్మించిన దర్శకుని గూర్చి మీకు తెలియవలెను.

వారు గూడవల్లి రామబ్రహ్మముగారు. 1902వ సంవత్సరమున కృష్ణాజిల్లా నందమూరు గ్రామమున జన్మించిరి. సినిమాలోనికి రాకముందు పత్రికలు నడపిరి. చెన్నపట్టణమునుండి వెలువడిన ప్రజామిత్ర పత్రికకు సంపాదకులుగా నుండిరి. దేశములో జరుగుచున్న అన్యాయములను అక్షరములలో పెట్టుట వారికి అలవాటు. అయితే అక్షరమెరిగిన వారెందరు? ఆ దినములలో నూటికి పదిమందియైనను చదువనేర్తురా యనునది సందేహమే. చదువురానివానికి గూడ చేరునట్టి పత్రిక కావలెనన్న, అది తెరపై బొమ్మగా కదలవలెను, నోటితో పలుకవలెను. రామబ్రహ్మముగారు కలమును ప్రక్కనుంచి కెమెరాను పట్టుటకు ఇదియే కారణమని నాకు తోచుచున్నది.

దర్శకుడనగా నెవరని యడుగు పెద్దలుందురు. మన వీథినాటకములలో వేషములను నిర్ణయించి, పాటల వరుస కూర్చి, ఎవరెప్పుడు రంగమునకు రావలెనో చెప్పు ఒజ్జ యుండును గదా, సినిమాకు దర్శకుడట్టివాడు. ప్రజలు వేషధారులను మెచ్చుకొందురు. ఒజ్జ తెరవెనుకనే యుండిపోవును. రామబ్రహ్మముగారు గూడ నట్లే యుండిపోయిరి.

తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాద 1932లో వచ్చెను. ఆ తరువాత కొన్నియేండ్లవరకు వచ్చినవి చాలవరకు పురాణకథలే. అందు తప్పేమియు లేదు. పురాణములు మన ప్రాణములు. కాని రాముని కష్టమునకు కన్నీరు కార్చిన ప్రేక్షకుడు, ఇంటికి పోవుదారిలో మాలవాడకు నీళ్ళు లేకపోవుటను చూడకయే పోయెను. 1938లో రామబ్రహ్మముగారు మాలపిల్ల యను చిత్రమును తీసిరి. కథ గుడిపాటి వెంకటచలముగారిది. సంభాషణలు తాపీ ధర్మారావుగారివి. ఒక బ్రాహ్మణ యువకుడును హరిజన కన్యయు ప్రేమించుకొనుట, హరిజనులకు గుడియు చెరువును మూసిన పెద్దల పట్టుదల, తుదకా పట్టుదల సడలుట అందలి విషయము. కాంచనమాలగారు ఆ కన్యగా నటించిరి. ఆచారపరుడైన సుందరరామశాస్త్రిగా గోవిందరాజుల సుబ్బారావుగారు నటించిరి. మద్రాసు రాజధానిలో హరిజనుల ఆలయప్రవేశమునకు రక్షణనిచ్చు శాసనము 1939లో గాని రాలేదు. చట్టమునకంటె చిత్రము ఒక యేడు ముందు నడచెనన్నమాట. నావంటి పండితకుటుంబములలో ఆ చిత్రమును తిట్టినవారెందరో యుందురు. ఆ దినములలో నేనుండినచో నేనును తిట్టియుందునేమో! ఆ మాట ఒప్పుకొనుటకు నాకు సిగ్గు లేదు.

ఇక రైతుబిడ్డ సంగతి. దీనిని గ్రహించుటకు అప్పటి భూమిసంగతి కొంచెము జ్ఞాపకము చేసికొనవలెను. మన ప్రాంతముననే రెండు తీరులుండెను. మదనపల్లె పూర్వము కడపజిల్లాలోనిది. దత్తమండలములలో మన్రో దొర యేర్పరచిన రైతువారీ పద్ధతి అక్కడిది. రైతు తన శిస్తును సర్కారునకే కట్టుకొనెడివాడు. పుంగనూరు జమీను వేరు. కుప్పము వైపున కంగుంది జమీను వేరు. 1911లో చిత్తూరుజిల్లా యేర్పడినప్పుడు ఈ రెండు తీరుల రైతులును ఒకే జిల్లావారైరి. ఒకే సంతకు పోయి పశువులను కొనుక్కొనువారు, ఒకే జాతరలో పొంగళ్ళు పెట్టుకొనువారు, శిస్తు కట్టుకడకు వచ్చుసరికి ఒకడు తాసీల్దారు కచేరికిని, ఒకడు దివాణమునకును పోవుచుండిరి.

1937లో మద్రాసు శాసనసభకు ఎన్నికలు జరిగెను. అప్పటికి అందరికిని ఓటు లేదు; ఆస్తి గలవారికి, పన్ను కట్టువారికి ఉండెను. అంతకుముందు ముఖ్యమంత్రి పదవిలో నుండిన బొబ్బిలి రాజాగారు ఆ యెన్నికలలో వి. వి. గిరిగారి చేతిలో ఓడిపోయిరి. రైతుచేతిలోని ఓటునకు ఎంత బలమున్నదో అప్పుడు లోకమునకు తెలిసెను. జమీనులలోని రైతుల కష్టములను విచారించుటకు టంగుటూరి ప్రకాశము పంతులుగారి అధ్యక్షతను ఒక సంఘము నియమింపబడి, 1938లో తన నివేదికను సమర్పించెను. ఇచ్ఛాపురమునుండి చెన్నపట్టణమువరకు రైతులు కాలినడకను యాత్రచేసిరి. ఆ వేడిలో పుట్టినది రైతుబిడ్డ.

కథ క్లుప్తముగా చెప్పెదను. నరసిరెడ్డి కొద్దిపాటి భూమిగల రైతు. షావుకారు వద్ద అప్పు చేసినవాడు. ఎన్నికలు వచ్చినవి. షావుకారు జమీందారుపక్షమువాడు. అప్పిచ్చినవాడు చెప్పినచోట ఓటు వేయవలెనని ఒత్తిడి. నరసిరెడ్డి రైతుల పక్షమున నిలిచిన వానికే ఓటు వేయ నిశ్చయించెను. దానికి ఫలముగా అతని కుటుంబము దెబ్బలు తినెను, భూమి చేయిదాటెను. తుదకు జమీందారు మనస్సు మారును. ఈ కడపటి భాగము నాకంతగా రుచింపలేదని నిర్మొగమాటముగా చెప్పెదను. జమీను మనస్సు మారుటచేత పోలేదు. 1948లో మద్రాసు శాసనసభ చేసిన ఎస్టేటుల రద్దు చట్టముచేత పోయినది. కాని చిత్రమును తీయునాటికి ఆ చట్టము పుట్టుటకు ఇంక తొమ్మిదేండ్లున్నవి. అంతవరకైనను చెప్పినవాడు ధీరుడే.

నరసిరెడ్డిగా నటించినవారు బళ్ళారి రాఘవగారు. వారు మన రాయలసీమవారే. 1880లో తాడిపత్రిలో జన్మించి, బళ్ళారిలో న్యాయవాదిగా పేరుపొంది, నాటకరంగమున సాటిలేరనిపించుకొనినవారు. రాజవేషములలో కిరీటము పెట్టి రంగమదరగొట్టిన యా మహానటుడు, దాదాపు అరువదేండ్ల వయస్సున, ఇందు సామాన్యపు కాపువాడుగా తెరపై నిలిచెను. టంగుటూరి సూర్యకుమారిగారు ఇందు నటించి పాడిరి. కొసరాజు రాఘవయ్యగారు పాటలు వ్రాయుటయేగాక వేషమును గూడ వేసిరి. త్రిపురనేని గోపీచందుగారు మాటలు వ్రాసిరి. తరువాత తెలుగువారు తలయెత్తి చెప్పుకొనిన పెద్దలు కొందరు ఇక్కడనే తొలియడుగులు వేసిరి.

ఇందొక విచిత్రము కలదు. ఈ చిత్రమును నిర్మించినది సారథీ ఫిలిమ్సు. ఆ సంస్థకు పెట్టుబడి పెట్టి వెనుక నిలిచినవారు చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్ గారు. వారు స్వయముగా జమీందారులు. జమీందారుగారి ధనముతో జమీందారీకి ఎదురు చెప్పు చిత్రము తయారయ్యెనన్నమాట! ఇందులకు రాజాగారిని మెచ్చుకొనవలెను. రామబ్రహ్మముగారిని అంతకంటె మెచ్చుకొనవలెను. ధనము తెచ్చుకొనిరి గాని, కథను తాకట్టు పెట్టలేదు. నేను ఈ ప్రసంగములో చెప్పదలచిన ముఖ్యవిషయమిదియే.

1939 ఆగష్టులో చిత్రము విడుదలయ్యెను. బొబ్బిలి, వేంకటగిరి జమీందారులు దీనిపై ఆగ్రహించిరి. ఆ మరుసటి నెలలోనే ఐరోపాలో యుద్ధము మొదలాయెను. అక్టోబరులో మద్రాసులోని కాంగ్రెసు మంత్రివర్గము రాజీనామా చేసెను. తెల్లదొరల ప్రభుత్వము చిత్రమును నిషేధించెను. ఏ రైతుకొరకు అది తీయబడెనో ఆ రైతు దానిని తన యూరి డేరాలో చూచు భాగ్యమునకు దూరమాయెను.

ఇప్పుడు మా తాతగారి మాట. వారి గ్రామము ఒక జమీను క్రింద నుండెను. ఏ జమీనో చెప్పను. ఆ వంశమువారును నేడు మనవంటి సామాన్యులే. జమీను పోయి పట్టా చేతికి వచ్చినప్పుడు, తాతగారు ఒక షావుకారు వద్ద ప్రోనోటుపై వేలిముద్ర వేసి అప్పు తెచ్చి, కపిల బావి త్రవ్వించిరి. 1952 మొదట స్వతంత్రభారతమున తొలి సాధారణ యెన్నికలు వచ్చెను. అప్పుడు ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె. పెట్టెమీద గుర్తు అంటించియుండును. ఏ పెట్టెలో చీటి వేయవలెనో షావుకారు ముందురాత్రియే చెప్పి పంపెను. తాతగారు తలయూపి వచ్చి, మరునాడు తమకు తోచిన పెట్టెలో వేసిరి.

ఎవరును చూడలేదు. అబద్ధమాడినచో గడచిపోయెడిది. కాని సాయంకాలము షావుకారు వీథిలో నిలిపి, "ఏమప్పా, ఎవురి పెట్టెలో వేస్తివి?" అని యడుగగా, "నాకు తోచిన పెట్టెలో వేస్తి సామీ" అని తాతగారు బదులు చెప్పిరి. వారము తిరుగకముందే అప్పుక్రింద కాడియెద్దులు రెండును పోయినవి. బావిలో నీళ్ళున్నవి, తోడుటకు ఎద్దులు లేవు. చేనిలో వేరుసెనగ యెండుచున్నది. తాతగారును, అప్పటికి పదునాలుగేండ్ల బాలుడైన మా నాయనయు కలిసి ఏతము నిలిపి, తెల్లవారకముందునుండి నీళ్ళు తోడిరి. రెండేండ్లు అట్లే గడచెను. మా నాయన చదువు ఆ రెండేండ్లలోనే ముగిసెను.

నాకు పదేండ్లున్నప్పుడు ఈ కథ విని, "తాతా, అబద్ధం చెప్పివుంటే ఎద్దులు మిగిలేవి గదా?" అని యడిగితిని. తాతగారు నవ్వి, "ఎద్దులు మళ్ళా కొనుక్కొంటిమి గదరా. ఆ పెట్టె కాడ నన్ను ఎవురూ చూళ్ళేదు, నేను చూసుకొంటి గదా" అనిరి. మా నాయన అక్కడనే కూర్చుండి యుండెను. ఆయన నవ్వలేదు. ఆ చదువు పోయిన బాధ ఆయనను కడవరకు విడువలేదు. నిజాయితీకి వెల యుండును. దానిని ఒక్కొక్కసారి ఇంటిలో మరియొకరు చెల్లింపవలసి వచ్చును. రైతుబిడ్డలో నరసిరెడ్డి కుటుంబము పడిన పాటు చూచినప్పుడు నాకు నిద్ర పట్టకపోవుటకు కారణమిదియే. మా యింటి కథ జరుగుటకు పదుమూడేండ్ల ముందే, మమ్మెరుగని యొక దర్శకుడు దానిని చెప్పియుంచెను.

రైతుకథను చెప్పి దెబ్బతినిన దర్శకుడు రామబ్రహ్మముగారొక్కరే కారు. రుష్యాలో 1917 విప్లవము జరిగిన పిమ్మట, 1919లో ప్రభుత్వము సినిమా పరిశ్రమనంతను తన వశము చేసికొనెను. ఆ సోవియట్టు కాలమున ఉక్రెయిను దేశపు దర్శకుడు అలెగ్జాండరు దోవ్‌జెంకో యనువాడుండెను. 1894లో రైతుకుటుంబమున పుట్టినవాడు. మొదట నావలెనే బడిపంతులు. 1930లో భూమి యను మూగచిత్రమును తీసెను. అందు మొదటి ఘట్టమున ఒక వృద్ధుడు తన తోటలో, రాలిన పండ్లనడుమ పండుకొని, ఒక పండును కొరికి, శాంతముగా ప్రాణము విడుచును. అతని మనుమడు గ్రామమునకు ట్రాక్టరును తెచ్చి, అది యిష్టములేని ధనికరైతుబిడ్డ చేతిలో హతుడగును. ప్రభుత్వమువారికి అనుకూలమైన కథయే. అయినను చావును, చేనును, పండును అంత ప్రేమతో చూపినందుకు, పార్టీ పత్రములలో అతనిపై నిందలు వచ్చెను. 1943లో జర్మనుల దాడిచేత తన దేశము పడిన బాధను గూర్చి అతడు వ్రాసిన చిత్రకథను స్టాలిను స్వయముగా నిషేధించెను.

అక్కడ ధనము సర్కారుది, ఇక్కడ ధనము జమీందారుది. అక్కడ కన్నెఱ్ఱ జేసినది పార్టీ, ఇక్కడ కన్నెఱ్ఱ జేసినది దొరతనము. పేర్లు వేరైనను, రైతుకథను ఉన్నదున్నట్లు చెప్పినవాని పాట్లు రెండుచోట్లను ఒక్కతీరుగనే యున్నవి. ఇద్దరి కడపటి సంగతి గూడ పోలియున్నది. దోవ్‌జెంకో 1956లో చనిపోగా, అతడు తలపెట్టిన కడపటి చిత్రమును భార్య పూర్తిచేసి 1958లో విడుదల చేసెను. రామబ్రహ్మముగారు పలనాటియుద్ధము చిత్రమును తీయుచు, 1946లో, నలువదినాలుగవ యేట కాలధర్మము నొందిరి. దానిని ఎల్. వి. ప్రసాద్ గారు పూర్తిచేయగా 1947లో అది వెలువడెను. బ్రహ్మనాయుడు మాలకన్నమదాసుతో కలసి భుజించిన చాపకూటి కథను తన కడపటి పనిగా రామబ్రహ్మముగారు ఎన్నుకొనుటలో, మాలపిల్ల నాటి మనస్సు చావలేదని తెలియుచున్నది.

నడుమ వారు ఇల్లాలు, అపవాదు, పత్ని, పంతులమ్మ, మాయాలోకము మొదలగు చిత్రములను తీసిరి. నిషేధము తగిలిన పిమ్మట వారు మరల రైతుబిడ్డవంటి చిత్రమును తీయలేదు. కుటుంబకథలకును జానపదకథలకును మరలిరి. ఇందులకు వారిని నిందించుట తగదు. ఏతము త్రొక్కుచున్నవానిని, పరుగెత్తవేమని యడుగగూడదు.

పెద్దలారా! జమీనులు పోయి డెబ్బదియేండ్లు దాటినది. మన అప్పులు పోయినవా? మదనపల్లె టమాటా సంత దేశములోనే పెద్దవానిలో నొకటి. మొలక నాటకముందే మండీలో బయానా తీసికొని, ధర చెప్పు నోరు లేక, తట్టలు దించి తలవంచుకొని తిరిగివచ్చు రైతును మీరు చూడలేదా? ధర పడినయేట పంటను బాటప్రక్కను పారబోయుటను చూడలేదా? అప్పు తప్పుగాదు, బావికి, విత్తనమునకు, బిడ్డ చదువునకు అప్పు చేయక తప్పదు. కాని అప్పుతోబాటు ఓటును గూడ వ్రాసి యిచ్చువారును, అప్పైనను లేకుండగనే ఎన్నికలనాటి నోటునకు దానిని అమ్ముకొనువారును నేడు మన యూళ్ళలో ఎక్కువగుచున్నారు. షావుకారు అడిగినప్పుడు మా తాతగారు దాచలేదు. నేడు అమ్ముకొనినవారును దాచుటలేదు. ఈ రెండు దాపరికములేమికిని ఎంత దూరమో చూచితిరా?

నాదొక చిన్న కోరిక. మీ యిండ్లలో సెల్ ఫోనులేని మనుమడు లేడు. ఈసారి వాడు సెలవులకు వచ్చినప్పుడు, రైతుబిడ్డను చూపుమని మీరే అడుగుడు. వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. నడుమ నడుమ ఆపి, దివాణమనగా నేమో, కపిల యనగా నేమో, ఏతమనగా నేమో చెప్పుడు. మీ తండ్రులు ఎవరికి శిస్తు కట్టిరో, ఏ యేట పట్టా వచ్చెనో, దానికై ఏమి పోగొట్టుకొనిరో చెప్పుడు. ఈ కథలు మన కరణపు లెక్కలలో లేవు. మీతో పోయినచో మరల దొరకవు. వినిన పిల్లవాడు ఓటు వేయుదినమున ఏమి చేయునో మనము చూడబోము. వాడు తన్ను తాను చూచుకొనిన చాలును.

ఇక నేను పిల్లలచేత నల్లబల్లపై వ్రాయించిన వాక్యమును తుడిచివేయుచు, ఆనాడు నాచేత మందలింపబడిన శిష్యులలో ఎవరైన ఇది వినుచున్నచో వారికి నా క్షమాపణమును తెలుపుచు, సెలవు గైకొనుచున్నాను. నమస్కారము.